త్రిమూర్తులు మెచ్చుకున్న గాలం కర్ర

మాకు భీమవరం పక్కన చేపల చెరువులున్నాయి. ఏ పూట వల వేసినా లారీకి సరిపడా చేప పడుతుంది. అటువంటి చెరువులకి యజమానినై ఉండి, ఆదివారం వస్తే గాలం కర్ర భుజాన వేసుకుని కాలవగట్టు మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, ఉత్త చేతులతో ఇంటికొచ్చి వంకాయ కూరతో అన్నం తినే మనిషిని జిల్లా మొత్తం మీద నన్నొక్కణ్ణే చూడగలరు. "మన చెరువులో చేపకి మేత వేసేది మీరే కదండీ, గట్టు మీద నుంచి పిలిస్తే వచ్చెయ్యదూ?" అంటుంది మా ఆవిడ రత్నమాణిక్యం. పిలిస్తే వచ్చే చేపని పట్టడంలో గొప్పేముందని నేను. పిలిచినా రాని చేప వల్ల ఉపయోగమేముందని ఆవిడ. ఈ వాదన మా పెళ్ళయినప్పటి నుంచీ నడుస్తోంది.

చేపలు పడకపోవడానికి కారణం కర్ర మంచిది కాకపోవడమేనని చాలా ఏళ్ళ కిందటే తేల్చుకున్నాను. లోపం నాలోనే ఉందేమోనన్న ఆలోచన దరిదాపులకి కూడా రాలేదు. బజారులో దొరికే కర్రలు ఎవరి చేతికో చేసినవి, నా చేతికి తగినది నేనే చేసుకోవాలని మొదలుపెట్టాను. మొదట్లో వెదురుబొంగులు సెగ మీద కాచి వంకరలు తీశాను. తరవాత ఆన్‌లైన్లో కార్బన్ కర్రలు తెప్పించి, వాటికి గాలం తీగ పోయే రింగులు అమర్చి, నరసాపురం లేసు దారానికి రంగులు వేయించి ఆ రింగుల కాళ్ళ మీద వరసగా చుట్టి, పైన జిగురు పూత పూయడం నేర్చుకున్నాను. పూత ఆరేదాకా కర్ర మెల్లగా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే జిగురు ఒక పక్కకి జారి గడ్డకడుతుంది. అంత మెల్లగా తిప్పే మోటారు మైక్రోవేవ్ ఓవెన్లో ప్లేటు కింద ఉంటుంది. మా ఇంట్లో ఓవెన్ ప్లేటు ఎందుకు తిరగడం మానేసిందో రత్నమాణిక్యానికి తెలుసు. అప్పటి నుంచీ అందులో పెట్టిన అన్నం ఒక పక్కే వేడెక్కుతుంది. చల్లటి పక్క నాకు వడ్డిస్తుంది.

కర్ర పూర్తవగానే త్రిమూర్తులుకి చూపించడం ఆనవాయితీ. వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. హైస్కూల్లో లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారాలు గట్టు మీద నా పక్కన కూర్చునే ఏకైక ప్రాణి వాడే. వాడు తిట్టకుండా నా కర్ర ఒక్కటీ నీళ్ళు చూడలేదు. ఒకదాన్ని చూసి, "దీన్ని దండెం కింద కట్టరా, నాలుగు లుంగీలు ఆరతాయి" అన్నాడు. ఎరుపూ పసుపూ దారాలు కలిపి చుట్టినదాన్ని చూసి, "పెళ్ళికూతురు బానే ఉంది, పెళ్ళికొడుకేడ్రా?" అన్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడి నోట బాగుందనిపించుకోవాలనే ఇన్ని కర్రలు చేశాననుకుంటాను. చేపలకి నా పనితనం అర్థం కాదు, మా ఆవిడకి అక్కర్లేదు, ఇక మిగిలింది వాడే.

కిందటి వానాకాలంలో వాడికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కొన్నాళ్ళు ముద్దగా వచ్చి మళ్ళీ తేటపడింది. కాస్త కోలుకున్నాడని తెలిసి కొత్త కర్ర పట్టుకుని వెళ్ళాను. చక్రాల కుర్చీలో కూర్చుని, కర్రని ఒళ్ళో పెట్టించుకుని, ఎడమచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి నిమిరాడు.

"చాలా బాగుందండి," అన్నాడు.

ఎవరితో అంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. నా వెనకాల గోడ తప్ప ఏమీ లేదు.

"శ్రమపడి వచ్చారు సాంబశివరాజు గారూ. కాఫీ తీసుకోండి."

వాడి కోడలు లావణ్య నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ గొంతు తగ్గించి చెప్పింది. "అందరితోనూ ఇలాగే ఉంటన్నారండి. మంచినీళ్ళిచ్చినా నాకు దణ్ణం పెడతన్నారు. ఉప్పు ఎక్కువైనా తినేత్తన్నారు. సొంతింట్లో చుట్టంలాగ కూర్చుంటన్నారండి మావయ్య గారు."

జీవితమంతా ఎదురుచూసిన మాట విన్నాను కదా, ఆ పూట అన్నం సయించలేదు. వేడి పక్క వడ్డించి ఉన్నా సయించేది కాదు.

అయినా నమ్మలేక ఒక పరీక్ష పెట్టాను. ఎన్నడూ చెయ్యనంత చెత్త కర్ర ఒకటి చేశాను. రింగు ఒకటి తూర్పుకి చూస్తే ఇంకోటి పడమరకి. దారం వదులు, పూత నిండా బుడగలు. కావాలని చెడగొట్టడం కష్టమేమో అనుకున్నాను గాని, చెయ్యి అలవాటున్నట్టే నడిచింది. పట్టుకెళ్ళి చూపిస్తే, "ఎంత ఓపికండీ మీకు," అన్నాడు.

"ఒరేయ్ మూర్తీ, రింగులు వంకరగా ఉన్నాయిరా."

"అలా ఉంటేనే అందంగా ఉందండి."

అప్పుడు నాకు భయం వేసింది. వాడు అందరికీ భారమైపోయాననుకుంటున్నాడు. భారమైనవాడికి ఎవర్నీ తిట్టే అధికారం ఉండదనుకుంటున్నాడు. వాణ్ణి మళ్ళీ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకపోతే ఇలా మర్యాదస్తుడిగానే మిగిలిపోతాడు, నాకు స్నేహితుడంటూ ఉండడు.

నా దగ్గర పండుగప్ప చేప కోసమని చేసిన కర్ర ఒకటి ఉంది. నేను చేసినవాటిలో అదే మేలైనది. బురద అంటుతుందని ఇంతవరకూ నది దాకా తీసుకెళ్ళలేదు. గాలం కర్రకి నీళ్ళు తగిలితే పాడవుతుందని దాచుకున్నవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. దాని పిడి పొడుగు, వాడి చక్రాల కుర్చీ చేతికి అడ్డం తగులుతుంది. రంపం తీసుకుని వసారాలో కూర్చున్నాను.

"ఓవెన్ అయిపోయింది, ఇప్పుడు ఇదా?" అంటూ వచ్చింది రత్నమాణిక్యం. కర్రని చూసి ఆగిపోయింది. "అయ్యో, దీన్నే కోసేస్తున్నారా? మూర్తి అన్నయ్య గారి కోసమా?"

అవునన్నట్టు తలూపాను. ఆవిడ కింద కూర్చుని రెండో కొస కదలకుండా పట్టుకుంది. రంపం ఆడించి పిడి కోసేశాను.

ఆ తరవాత వాడి ఎడమ అరచెయ్యి కొలిచి కొత్త పిడి చెక్కాను. మోచేతికి బిగించుకునే తోలు పట్టీ కుట్టించాను. రింగులన్నీ విప్పి ఎడమచేతి వాటానికి మళ్ళీ కట్టాను. ఏ లోపమూ రాకూడదని రోజూ ఎడమచేత్తో అన్నం తిని మరీ సాధన చేశాను. ఆ పట్టుదలకి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోలేదు గనక.

కర్ర సిద్ధమయ్యాక లావణ్య వాణ్ణి కారులో నరసాపురం తీసుకొచ్చింది. గోదావరి రేవుకి కొంచెం దిగువన, జనాన్ని ఏరు దాటించే పంటు ఇంజను చప్పుడు వినిపించే చోట, గట్టు చదునుగా చూసి కుర్చీ ఆపాం. బతికున్న రొయ్యని ఎర గుచ్చి గోదాట్లోకి నేనే విసిరి, కర్ర వాడి ఎడమచేతిలో పెట్టి పట్టీ బిగించాను.

"చేతికి చక్కగా అమిరిందండి. నా కోసం మీరు ఇంత..."

"నోరుముయ్యరా."

"అలాగేనండి."

పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళి మళ్ళీ తిరిగి వస్తుండగా కర్ర కొస ఒక్కసారి నీళ్ళకేసి వంగింది. పిడి దగ్గర తీగ చుట్టి ఉండే రీలు గీమని అరిచింది.

"పడింది! ఎత్తరా!" అన్నాను.

వాడు ఎత్తాడు. ఎడమచేతి నరాలు తేలేలా బిగించి కర్రని నిలబెట్టాడు. నేను చెక్కిన పిడి వాడి గుప్పిట్లో ఇమిడిపోయింది. కొస నుంచి పిడి దాకా కర్ర వంగిన తీరు చూస్తూ మైమరచిపోయాను.

"తిప్పు! రీలు తిప్పు!" అని అరిచాను.

వాడు తిప్పలేదు. ఒళ్ళో పడి ఉన్న తన కుడిచేతికేసి చూశాడు. రీలు పిడికేసి చూశాడు. ఆ తరవాత నాకేసి చూశాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఎడమచేత్తో కర్ర పట్టుకుంటే రీలు తిప్పడానికి రెండో చెయ్యి ఉండాలి. రీలు కొట్లో కొన్నది, నేను చేసింది కాదు, అందుకని దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

త్రిమూర్తులు ముఖం ఎర్రగా కందిపోయింది.

"ఒరేయ్ సన్నాసీ! తిప్పేదెవడ్రా? మీ తాతొచ్చి తిప్పుతాడా?"

నేను పరిగెత్తి వాడి ఎదురుగా మోకాళ్ళ మీద పడి రీలు పట్టుకున్నాను. ఎంత బలం పెట్టినా తిరగలేదు.

"అటు కాదురా, ఇటు! ఎదురుగా కూర్చుంటే తిరగేసి తిప్పాలని తెలీదా? ఎనిమిదో క్లాసులో కూడా ఎడమేదో కుడేదో తెలిసి చావలేదు నీకు!"

చేప తెల్లగా మెరుస్తూ నీళ్ళలోంచి పైకెగిరింది. మంచి పండుగప్ప. తల విదిలించింది, గాలం ఊడింది, తీగ నీళ్ళ మీద వదులుగా పడింది.

"పోయింది," అన్నాను.

"పోదా మరి? చేపని వదిలేసి కర్ర అందం చూత్తా నిలబడితే ఉంటదా? ఒంటిచేతోడికి రెండు చేతుల కర్ర చేసిన మేధావివి నువ్వే! నువ్వూ, నీ లేసు దారమూ! పట్టుకెళ్ళి జాకెట్టుకి కుట్టించుకో!"

పంటులో జనం ఇటు తిరిగి చూస్తున్నారు. లావణ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కారు వెనక్కి వెళ్ళిపోయింది. నాకు కళ్ళు మసకబారి రీలు కనిపించడం లేదు.

"ఏడుత్తావేంట్రా, దరిద్రుడా! ఎర గుచ్చు. ఈసారి తిప్పేది నువ్వు, ఎటు తిప్పాలో చెప్పేది నేను."

పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాం. ఇంకేమీ పడలేదు. వాడి నోరు మాత్రం ఒక్క క్షణం ఖాళీగా లేదు.

ఇంటికి రాగానే రత్నమాణిక్యం నా చేతులకేసి చూసింది. "చేప పడలేదాండీ?"

"జారిపోయింది," అన్నాను. "వాడు నన్ను సన్నాసి అన్నాడు. దరిద్రుడా అని కూడా అన్నాడు."

 ఆవిడ లోపలికెళ్ళి, ఓవెన్లోంచి గిన్నె తీసి, అన్నంలో వేడి పక్క నా కంచంలో వడ్డించింది.