ఆరు రంధ్రాల ఒప్పందం

హాజరైనవారు, బయలుదేరిన వరుసలో: మొదటి బండిలో బసార్ సెలుతాన్, ఒక్కడే. రెండవ బండిలో స్టీరింగు ముందు నా మేనకోడలు లిడియా, ఆమె పక్కన మా అక్క దోర్కస్ పదాన్, వెనుక సీటులో ఆకుల్లో చుట్టిన మెత్తటన్నం పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని నేను, సిమియోన్ పదాన్, విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి, మా లోయ డ్రైవర్ల సంఘానికి అధ్యక్షుణ్ణి. మూడవ బండి లేదు. ఉండవలసింది, ఆ ఉదయం మరెవరినీ పిలవనక్కరలేదని బసార్ అన్నాడు, నేను సరేనన్నాను.

మధ్యాహ్నం లవాస్ పట్నంలో కోర్టు మొదలయ్యేలోగా అక్కను అక్కడికి చేర్చాలి. ప్రయాణానికి అదొక్కటే కారణం. మా ఊరి వెనుక కొండవాలులో మనుషులెప్పుడూ బతకలేదని, అది చేయి పడని అడవి అని కలప కంపెనీ వాదిస్తోంది. ఆ వాలులోనే మా పెద్దలు విజయోత్సవానికి మట్టితో మొసలి ఆకారంలో దిబ్బ కట్టారు. కంపెనీ బుల్డోజరు దాన్ని చదును చేసి చాలా కాలమైంది. చిన్నప్పుడు నన్ను ఇంట్లో ఆ వైపు పోనివ్వలేదు; దాన్ని కళ్ళారా చూసినవారిలో మిగిలింది ఇద్దరే. ఆ దిబ్బకు బుట్టలతో మట్టి మోసిన మా అక్క ఒకరు. చిన్నతనంలో ఆ మొసలి వీపునెక్కి ఆడి తండ్రి చేత దెబ్బలు తిన్న బసార్ మరొకడు. వాలు మాదని తేలాలంటే ఇద్దరూ చెప్పాలి.

బసార్, నేను మిషన్ బడిలో ఒకే బల్లమీద కూర్చున్నాం. ఆంగ్ల వ్యాకరణంలో నేను ముందుండేవాణ్ణి, లెక్కల్లో అతను. తరువాత నేను బడి నడిపాను, అతను బండి నడిపాడు. ఒకసారి వానాకాలంలో అతని టైరు పగిలి కొండమీద చిక్కుకుపోయాడు. దారిన పోయే ప్రతి బండీ ఆగింది, ఏ బండి చక్రమూ అతని బండికి సరిపోలేదు. తిరిగి వచ్చాక చర్చి వసారాలో డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి ఒప్పందం ప్రతిపాదించింది అతనే. ఎవరు ఏ బండి కొన్నా దాని రిమ్ముకు ఆరు నట్టు రంధ్రాలే ఉండాలి, టైరు ఒకే కొలతది కావాలి. స్టెప్నీ బండిది కాదు, దారిది. ఆ చివరి వాక్యం అతని నోటి వెంట వచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా దిద్దవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఆనాటి నుండి మా దారిలో ఒకరి చక్రం మరొకరికి పనికిరాకపోవడం జరగలేదు.

కిందటి నెలలో బసార్ కొత్త బండి తెచ్చాడు. గేదెల్ని అమ్మి కొన్నానన్నాడు. నట్ల మీద నల్లటి కప్పులు బిగించి ఉన్నాయి. మరొకరి బండి కిందికి వంగి చూడడం మా దారిలో మర్యాద కాదు.

బయలుదేరిన కాసేపటికే లిడియా బండి టైరుకు ఇనుపముక్క దిగింది. స్టెప్నీ బిగించుకుని సాగాం. ఆ తరువాత ఎర్రమట్టి ఎక్కుడు వచ్చింది. రాత్రి కురిసిన వానకు అది జావలా ఉంది. బసార్ దిగివచ్చి టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

"సగానికి దింపమ్మా గాలి. పదహారు పాయింట్లు. టైరు చప్పిడి పాదంలా పరుచుకుంటేనే బురద పట్టుకుంటుంది."

"పదహారా మావయ్యా? పద్దెనిమిది చాలదా?" అంది లిడియా.

"వెనక హెడ్మాస్టరు కూర్చున్నాడుగా. ఆయన బరువు నీకు తెలీదు."

"ఆయనలోనూ కొంచెం గాలి దింపితే బండి తేలికవుతుంది," అంది అక్క. లిడియా పకపక నవ్వింది. నేను నవ్వలేదు, కానీ నాకు కోపం రాలేదు.

ఎక్కుడు సాఫీగా ఎక్కాం. పైన బురద అయిపోయి రాళ్ళదారి మొదలవుతుంది. మెత్తటి టైరుతో పదునైన రాళ్ళమీద నడిపితే టైరు పక్కలు కోసుకుపోతాయి. అందుకని అక్కడ ఆగి మళ్ళీ గాలి కొట్టుకోవడం మా దారిలో పసిపిల్లలకు కూడా తెలిసిన నియమం. గాలి కొట్టే యంత్రం బసార్ బండిలో ఉంది. లిడియా రేడియోలో పిలిచింది.

"మావయ్యా, ఆగు. గాలి కొట్టుకుందాం."

"టైము లేదమ్మా. నెమ్మదిగా వచ్చేయ్. వంతెన దగ్గర కొట్టుకుందాం."

లిడియా అద్దంలోంచి నా ముఖం చూసింది. కోర్టు వేళ నా మనసులో మెదులుతోంది. "వెళ్ళు," అన్నాను.

వంతెన ఇంకా కనిపించకముందే ఎడమవైపు వెనుక టైరు పక్క నిలువునా చీలింది. దిగి చూస్తే చెయ్యి దూరేంత సందు. అది అతుకు పడే గాయం కాదు. బసార్ బండి వెనక్కి తిప్పుకుని వచ్చి, దిగి, చీలిక మీదికి వంగి చూశాడు.

"స్టెప్నీ దింపు బసార్," అన్నాను.

అతను కదలలేదు.

"ఏంట్రా, నట్టు పట్టేసిందా?"

"పట్టలేదు."

లిడియా అప్పటికే పానా పట్టుకుని అతని బండి కిందికి దూరింది. గొలుసు సడలించి చక్రాన్ని నేలమీదికి దింపి, బయటికి దొర్లించుకొచ్చి, లేపి నిలబెట్టింది. రిమ్ము ఎండలో మెరిసింది. ఆమె రంధ్రాలు లెక్కపెట్టడం పెదవుల కదలికలో కనిపించింది. తరువాత నా వైపు తిరిగింది.

"మావయ్యా, ఐదే ఉన్నాయి."

మా లోయలో ఐదు రంధ్రాల చక్రాలున్న బండ్లు ఎవరివో ఎవరినీ అడగనక్కరలేదు. అవి కంపెనీ యార్డులోంచి మాత్రమే వస్తాయి. గేదెలు ఎక్కడికీ పోలేదు, అతని దొడ్డిలోనే ఉన్నాయని అర్థమైంది.

"ఎవరిచ్చారు?" అని అడిగాను. గొంతు తరగతి గదిలో వాడే గొంతులా వచ్చింది.

"నీకు తెలుసు."

"ఎందుకిచ్చారో కూడా తెలుసనుకోమంటావా?"

"అనుకో." అతను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అవి మురికిగా లేవు. "ఇవాళ నన్ను వాళ్ళు పిలుస్తారు. మీ తరఫున కాదు. ఇంట్లో ముగ్గురు కొడుకులు ఆ కంపెనీ జీతం తింటున్నారు సిమియోన్. నువ్వు పింఛను తింటున్నావు. తేడా ఉంది."

"రాళ్ళమీద ఆగొద్దన్నది అందుకేనా?"

అతను మొదటిసారి తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. "అది కాదు. నిజంగా టైమవుతోందనే. ప్రమాణం చేయమంటావా?"

నేను నమ్మాను. నమ్మినందువల్ల నాకు ఏ ఊరటా కలగలేదు. టైరు కోయాలని చూసినవాడైతే శత్రువని అనుకుని ఊరుకునేవాణ్ణి. వేళకు నన్ను కోర్టుకు చేర్చి, అక్కడ నా ఎదుటే తన బాల్యాన్ని కాదనబోయేవాడిని ఏమనాలో నా దగ్గర మాట లేదు. చదివిన రెండు భాషల్లోనూ లేదు.

"నా బండి ఎక్కండి," అన్నాడు. "అక్కనైనా ఎక్కించు."

"ఆ బండిలో మా ఇంటి మనిషి కాలు పెట్టదు," అన్నాను.

అప్పటిదాకా సీటులో కూర్చున్న అక్క తలుపు తోసుకుని దిగింది. పక్కనే కర్ర ఉన్నా దాన్ని తీసుకోలేదు; బసార్ భుజం పట్టుకుంది.

"నడిచి వస్తావా తమ్ముడూ, కోర్టుకి? రా. నేనైతే ఎక్కుతాను. ఐదు రంధ్రాల బండిలో కూర్చుంటే నా జ్ఞాపకానికి చిల్లు పడుతుందా?" ఆమె బసార్ వైపు తిరిగింది. "నేను చెప్పేది చెప్తాను. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. ఇద్దరినీ దేవుడు వింటాడు. ముందు నన్నీ మెట్టు ఎక్కించు, నా మోకాలు వంగదు."

అతను ఆమెను రెండు చేతులతో ఎత్తి ముందు సీటులో కూర్చోబెట్టాడు. అన్నం పొట్లాల్లో సగం లిడియాకిచ్చి నేను వెనుక కూర్చున్నాను. లిడియా చీలిన టైరు పక్కనే నిలబడి ఉంది.

"సాయంత్రానికి నీకు టైరు పంపిస్తానమ్మా," అన్నాడు బసార్ కిటికీలోంచి.

"పంపకు మావయ్యా. నువ్వు పంపేది నా బండికి పట్టదు."

అతను గేరు వేశాడు, కానీ బండి కదిలించలేదు. దిగి నాలుగు చక్రాలకూ తిరిగి గాలి కొలిచాడు, ఒక్కో టైరులో కాస్త కాస్త దింపాడు. ఎందుకని అక్క అడిగింది. "మీ నడుముకు కుదుపు తగలకుండా," అన్నాడు. "నెమ్మదిగా పోతే కొత్త టైర్లు ఓర్చుకుంటాయి." రాళ్ళదారి పొడవునా చంటిపిల్లను మోస్తున్నట్టు నడిపాడు. తారురోడ్డు తగిలాక ఆగి మళ్ళీ గాలి కొట్టాడు. దారిలో అక్క ఒకసారి నిద్రపోయింది. బసార్ మెడ వెనుక ఉన్న పాత మచ్చ, నేనే ఒకనాడు బల్ల మీంచి తోసినప్పుడు అయినది, దారంతా నా కళ్ళెదుటే ఉంది.

కోర్టులో అక్క ముందు మాట్లాడింది. బుట్ట ఎంత బరువుండేదో, మట్టి ఏ వాగు ఒడ్డునుంచి తెచ్చారో, మొసలి తల ఏ దిక్కుకు పెట్టారో చెప్పింది. తరువాత కంపెనీ వైపు నుండి బసార్‌ను పిలిచారు. ఆ వాలులో తాను పుట్టినప్పటి నుండి చూసింది చెట్లనేనని చెప్పాడు. అడిగినదానికల్లా మర్యాదగా, స్పష్టంగా జవాబిచ్చాడు. ఆ క్రమశిక్షణ మా మిషన్ బడిది. ఒక వృద్ధురాలి జ్ఞాపకానికి బలమిచ్చే రెండవ సాక్ష్యం లేదని కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. కొండవాలు పోయింది.

సంఘం నుండి అతని పేరు తీసివేయాలని డ్రైవర్లు పట్టుబట్టారు. తీసివేశాం. ఆ సభలోనే, సభ్యులు గొణుగుతుండగా, నేను లేచి నిలబడి పలికిన మాటలు ఇవి. ఈ రాతలోనూ వాటినే తిరిగి రాస్తున్నాను. మా ప్రయాణం ఆగిపోయిన చోట బసార్ సెలుతాన్ తన బండి ఆపి, మా అక్క దోర్కస్ పదాన్‌ను తన చేతులతో ఎత్తి కూర్చోబెట్టి, దారి పొడవునా ఆమె దేహానికి నొప్పి కలగకుండా నడిపి, కోర్టు ప్రారంభం కాకముందే లవాస్‌కు చేర్చాడు. ఆ ఉపకారం జరిగిందని, దానికి మా కుటుంబం ఋణపడి ఉన్నదని, ఈ సంఘాధ్యక్షుడి హోదాలో నేను అంగీకరిస్తున్నాను.