ఎర్ర బెల్టుల కుట్టు

బాన్సువాడలో సీటు కవర్లు కుట్టేవాళ్ళం ముగ్గురం ఉన్నాం. మిగతా ఇద్దరివీ ఉత్త కుట్లు, నాది పనితనం అని నా నమ్మకం. గొప్పకు చెప్పడం లేదు, నా రోగం అదేనని చెబుతున్నాను. మా తండాలో పొలం పని వదిలి మిషను ముందు కూర్చున్న మొదటివాణ్ణి నేనే. కుట్టు వెంట్రుకవాసి వంకర పోయినా ఆ పూట నాకు అన్నం సహించదు. ఎవడైనా వేలు పెట్టి, ఇక్కడ కొంచెం లూజుంది వినోద్ అంటే వారం దాకా వాడితో సరిగ్గా మాట్లాడను.

అలాంటి నా దగ్గరికి రాజాబాబు కారు తెచ్చాడు. వాళ్ళది కోటగిరి దగ్గరి క్యాంపు. వాళ్ళ తాతల కాలంలో కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబం. రాజాబాబు కూడా వరే వేస్తాడు గానీ ప్రాణమంతా బండ్ల మీదే. హైదరాబాద్‌లో ఎవరో వాడిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది నేలకు ఎంత తక్కువగా ఉంటుందంటే మా బజారులో స్పీడ్ బ్రేకర్ దాటాలంటే ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. రోడ్డు మీద వడ్లు ఆరబోసుకున్నవాళ్ళు దాన్ని చూసి నవ్వేవాళ్ళు. రాజాబాబు పట్టించుకునేవాడు కాదు.

దానికి రేసుల్లో వాడే బెల్టులు తెప్పించాడు. ఒక్కో సీటుకు నాలుగు ఎర్ర పట్టీలు. రెండు భుజాల మీదుగా, రెండు నడుము పక్కల నుంచి వచ్చి పొట్ట దగ్గర ఒకే బకిల్‌లో కలుస్తాయి. భుజం పట్టీలు కట్టడానికి సీట్ల వెనక అడ్డంగా ఒక ఇనుప బారు హైదరాబాద్‌లోనే బిగించుకుని వచ్చాడు. బారు గట్టిదే, బోల్టులు గట్టివే. ఆ పని చేసినవాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పట్టీలతో పాటు ఒక కాగితం వచ్చింది. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రమే గానీ బొమ్మలున్నాయి. పట్టీని బారుకు చుట్టి, ఒక ఇనుప బిళ్ళలోంచి వెనక్కీ ముందుకూ మడిచి లాగాలి. మిగిలిన కొస అలాగే వదిలెయ్యాలి. ఆ కాగితం చెప్పినట్టే అంతా బిగించాను. రాజాబాబు వెనక్కి వెళ్ళి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. కొసలు తోకల్లా వేలాడుతున్నాయి, ఏదన్నా చెయ్యి వినోద్ అన్నాడు.

అదే కాగితంలో ఒక మూలన కత్తెర బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టివేత ఉన్నాయి. నేను చూశాను. చూడలేదని చెప్పుకుంటే కొంత బరువు తగ్గుతుంది గానీ చూశాను. కుట్టు రానివాళ్ళ కోసం వేసి ఉంటారులే అనుకున్నాను.

ఇనుప బిళ్ళలు తీసి డబ్బాలో పడేశాను. కొసలు కత్తిరించాను. పట్టీ చివర మడిచి, బారు పట్టేంత కన్నం వదిలి, మిషను మీద అయిదు వరసలు కుట్టాను. ఎర్ర పట్టీ మీద ఎర్ర నైలాన్ దారం, సీటు కవర్లకు వాడేదే. బారు విప్పి, ఆ కన్నాల్లోంచి దూర్చి మళ్ళీ బిగించాం. కుట్టు ఎక్కడుందో వెతికితే గానీ కనపడదు. రాజాబాబు దాన్ని ఫోనులో వీడియో తీసి, మా బాన్సువాడ పనితనం అని పెట్టాడు. బిచ్కుంద నుంచి, బోధన్ నుంచి నా పేరు అడుగుతూ వచ్చారు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

వారం తిరిగాక మా బావ కిషన్‌లాల్ దుకాణానికి వచ్చాడు. బీర్కూర్ వైపు పొలంలో ట్రాలీ దిగబడింది, లాగడానికి ఏదన్నా గట్టి పట్టీ ఉందా అని అడిగాడు. ఆ కత్తిరించిన కొసలు నాలుగూ అక్కడే ఉన్నాయి. అదే దారంతో, అదే అయిదు వరసలతో ఒకదానికొకటి కలిపి కుట్టిచ్చి, నా కుట్టు ఎంత లాగుతుందో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

బావ ట్రాక్టర్ ముందుకు కదిలించాడు. పట్టీ బిగుసుకుంది. పెనం మీద పేలాలు వేగినట్టు టపటపమని చప్పుడై మొదటి కుట్టు దగ్గరే రెండు ముక్కలైంది. బావ పకపకా నవ్వాడు. నేను బురదలోకి దిగి ముక్కలు ఏరుకొచ్చి చూశాను. పట్టీకి గీత కూడా పడలేదు. తెగింది నా దారం.

ఆ సంగతి అప్పుడే ఫోను చేసి చెప్పాల్సింది. జేబులో ఫోనుంది, సిగ్నల్ ఉంది. దుకాణానికి వెళ్ళి చెబుదాం అనుకున్నాను. దుకాణంలో బోధన్ నుంచి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు, రాజాబాబు కారుకు కుట్టింది నువ్వేనా అని అడిగారు. అవునన్నాను. ఇక ఆ రోజు చెప్పలేకపోయాను.

తర్వాత నాకు నేనే వకీలునయ్యాను. ట్రాక్టర్ బలం వేరు, మనిషి బరువు వేరు అన్నాను. ఆ కారు నెలకు నాలుగుసార్లు బయటికి వస్తే ఎక్కువ, సర్వీసుకు వచ్చినప్పుడు మెల్లగా మార్చేద్దాం అన్నాను. రాజాబాబు రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. ఫోను మోగుతుంటే అటే చూస్తూ కూర్చున్నానని నా భార్య నీల కనిపెట్టింది. ఎవరికన్నా ఏమన్నా చేసినవా అని అడిగింది. అడిగిన పాపానికి ఆమె మీద అరిచాను.

మూడోసారి ఎత్తాను. రాజాబాబు గొంతు సంతోషంగా ఉంది. శనివారం వాళ్ళ అమ్మ హనుమాయమ్మను కళ్ళ పరీక్షకు బాన్సువాడ దవాఖానకు తీసుకొస్తుంటే కాలువ మలుపులో గేదె అడ్డం వచ్చిందట. తప్పించబోతే కారు రోడ్డు దిగి పొలం గట్టును గుద్దుకుని ఆగిందట. ముందు బంపర్ పగిలింది, ఇద్దరికీ ఏమీ కాలేదు.

"నీ బెల్టే మా అమ్మను కాపాడింది వినోద్. ఆవిడ నిన్ను చూడాలంటోంది," అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదని చెప్పడం కూడా సిగ్గుగానే ఉంది. అంతకుముందు రాత్రులన్నీ బాగానే పడుకున్నాను మరి.

పొద్దున్నే పానాలు తీసుకుని క్యాంపుకు వెళ్ళాను. కారు వాకిట్లోనే ఉంది. హనుమాయమ్మ అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది. భారీ మనిషి. ఆ కారులో కూర్చోవాలంటే భయమని మొదట్లో మొండికేసిందట. ఇన్ని బెల్టులున్నాయి కదా అని కొడుకు ఒప్పించాడట. నన్ను చూడగానే చేతులెత్తి దండం పెట్టబోయింది. పైట పక్కకు జరిపి మెడ కింద పట్టీ ఒరుసుకున్న ఎర్రని చార చూపించింది. ఇంత గట్టిగా పట్టుకుంది నాయనా నీ బెల్టు అంది. నేను తల తిప్పుకున్నాను.

బెల్టులు ఒకసారి చూస్తానని చెప్పి కారు వెనక్కి దూరాను. డ్రైవరు వైపు కుట్లు బాగానే ఉన్నాయి. ఆవిడ కూర్చున్న వైపు ఎడమ భుజం పట్టీకి అయిదు వరసల్లో మూడు పోయాయి. తెగిన ఎర్ర దారాలు పీచులా పైకి లేచి ఉన్నాయి. మిగిలింది రెండు వరసలే. గట్టు ఇంకొంచెం గట్టిగా ఉంటే, బండి ఇంకొంచెం జోరుగా ఉంటే, ఆ రెండూ పోయేవి. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

రాజాబాబును పిలిచి తెగిన కుట్టు చూపించాను.

"గిది నేను కుట్టిన కుట్టు. కత్తిరించొద్దు అని కాయితంల బొమ్మ ఉండె అన్నా. చూసి కూడా కుట్టిన. గీ దారం ఆగదు. అమ్మను నా బెల్టు కాపాడలే, రెండు వరసల దారం కాపాడింది," అన్నాను.

అతను ఆ దారాలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. మొహం పాలిపోయింది. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. చివరికి నా భుజం మీద చెయ్యి వేశాడు. తోకలు బాగాలేవని అడిగింది నేనే కదా, ఆగదని తెలిసి చేశావా ఏంటి, కొత్తవి తెప్పిద్దాంలే అన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బతికిపోయాననుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను.

హనుమాయమ్మ అరుగు దిగి వచ్చి కొడుకు వెనక నిలబడింది. మా మాటలు వింటూనే ఉంది.

"ఇది ఆగదని నీకు ఎప్పుడు తెలిసింది నాయనా?" అని అడిగింది.

గొంతులో కోపం లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టుంది. ఇప్పుడే, విప్పి చూస్తేనే తెలిసిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. రాజాబాబు చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. బావకు తప్ప ట్రాలీ సంగతి ఎవరికీ తెలియదు, బావకు ఈ కారు సంగతి తెలియదు.

"పదకొండు దినాలైందమ్మా," అన్నాను.

ఆవిడ వేళ్ళ మీద లెక్క చూసుకుంది. శనివారం గడిచి అయిదు రోజులు.

"అయితే నేను ఇందులో కూర్చున్నప్పుడు నీకు తెలుసన్నమాట," అంది.

పైట భుజం నిండా కప్పుకుని మెల్లగా అరుగెక్కి లోపలికి వెళ్ళిపోయింది.

రాజాబాబు నా భుజం మీది చెయ్యి తీసేశాడు. బోల్టులు విప్పుదామని నేను వంగితే నా చేతిలోంచి పానా తీసుకున్నాడు.

"నేను విప్పుకుంటాను. నువ్వెళ్ళు," అన్నాడు.