తిమ్మయ్య సారుకు రెండు రొట్టెలు

మా ఇంట్లో రొట్టెలు లెక్కపెట్టే అలవాటు లేదు. కోడుమూరు దగ్గర మా పల్లెలో పొయ్యి ముందు కూర్చున్న మనిషి పిండి అయిపోయేదాకా తడుతూనే ఉంటుంది, తినేవాళ్లు తింటూనే ఉంటారు. ఆ సమయానికి గడపలోకి వచ్చిన మనిషిని చేతిలో ఒక రొట్టె పెట్టకుండా పంపరు. కర్నూలుకు వచ్చి, ఇంటి ముందు రేకులు దించి జొన్నరొట్టెల అంగడి పెట్టి మూడేళ్లయినా మా అత్త గంగక్క ఈ పద్ధతి వదల్లేదు. నాలుగు అడిగినవాళ్లకు ఐదు పెడుతుంది. ఆమెను మాత్రం ఎందుకు అనాలి, నేనూ అంతే. పేరుకు అంగడే గానీ ఇల్లు నడిపినట్టే నడిపాను.

సాయంత్రం ఐదింటికి పొయ్యి ముట్టిస్తాం. జొన్నపిండిని వేడినీళ్లతో పిసికితే వెంటనే తట్టాలి, దాచుకునే పిండి కాదు అది. రొట్టె కూడా వేడిమీదే తినాలి, చల్లారితే బిగుసుకుపోతుంది. అందుకే ఎన్ని కావాలో మధ్యాహ్నం లోపల ఫోను చేసి చెప్పమని అందరినీ అడుగుతాను. అది చూసుకునే పిండి పట్టిస్తాను. ఇద్దరి చేతులూ కలిపినా నూట ఇరవై దాటవు. ఆపైన అత్త భుజం మాట వినదు.

చెప్పకుండా వచ్చే మనిషి ఒక్కతే, కృష్ణవేణమ్మ. వెనక వీధి అపార్ట్‌మెంటులో ఉంటుంది. కోయిలకుంట్ల వైపు పొలాలున్నాయి, భర్తకు కాంట్రాక్టులు. మొదట్లో రోజుకు పది రొట్టెలు కూడా పోని కాలంలో, తన అపార్ట్‌మెంటులో తలుపు తలుపూ తట్టి పదహారు ఇళ్లను మాకు తెచ్చిపెట్టింది ఆమే. ఆ మేలు నేను మరిచిపోలేదు. ఆమె మరిచిపోనివ్వలేదు కూడా. కారు దిగి నేరుగా లోపలికి వస్తుంది, గంప మీద గుడ్డ తీస్తుంది, పైన ఉన్న వేడివి ఏరుకుంటుంది. "మా పిల్లే కదా" అంటుంది. నాకు ముప్పై ఎనిమిదేళ్లు.

ఇంకో మనిషి తిమ్మయ్య సారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. భార్య పోయాక మా వీధి చివర మేడమీద గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. చక్కెర జబ్బు. ఏడింటికి పొట్ట మీద ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. డాక్టరు చెప్పింది, సరిగ్గా అరగంటకు తినాలని, ఆలస్యమైతే ఒంట్లో చక్కెర పడిపోతుందని. ఏడున్నరకు రెండు రొట్టెలు వేడివేడిగా నేనే ఇచ్చి వస్తాను. "టైముకు బస్సు తీసినట్టుంటాది శివలీలా నీ పని" అని మెచ్చుకునేవాడు. ఆ మాట కోసం కొంచెం ముందే బయలుదేరిన రోజులున్నాయి.

పోయిన ఆగస్టులో ఒక గురువారం, ఏడు దాటాక కృష్ణవేణమ్మ వచ్చింది.

"మా బావగారోళ్లు చెప్పకుండా దిగినారు. ఇరవై కావల్ల."

గంపలో ఉన్నవే ఇరవై చిల్లర. అన్నీ ముందే చెప్పుకున్నవాళ్లవి, తిమ్మయ్య సారువి రెండూ వాటిలోనే. లేవమ్మా అని నోటిదాకా వచ్చింది. పదహారు ఇళ్లు కళ్ల ముందు మెదిలాయి, నోరు మూతపడింది. ఈలోపల అత్త పేపరు పరిచి కట్టడం మొదలుపెట్టింది.

"పెనం దించకముందే వచ్చిందే, లేదని ఎట్ల అంటావు?" అంది నాతో మెల్లగా.

ఇంటి వాడకానికి ఉంచుకున్న పిండి ఉందిలే, పది నిమిషాల్లో తడదాం అనుకున్నాను. డబ్బా మూత తీస్తే అడుగున పిడికెడు. అడిగినదానికంటే ఎక్కువ పెట్టడం కోసం అత్త దాన్ని అంతకుముందే కలిపేసిందట. జొన్నలు తీసుకుని మిల్లుకు పరుగెత్తాను. అక్కడ నా ముందు ముగ్గురు. తిరిగి వచ్చేసరికి అంగడి ముందు నలుగురు అరుస్తున్నారు. వాళ్ల నోళ్లు మూయించి, రెండు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని తిమ్మయ్య సారు మెట్లెక్కేసరికి ఎనిమిదింబావు.

తలుపు తీసే ఉంది. మంచం మీద కూర్చున్నాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చేతిలో చక్కెర డబ్బా. వేళ్లు వణికి మూత రావడం లేదు. "సారూ" అంటే నన్ను చూసి, "ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు, ముందుకు జరగండప్పా" అన్నాడు. నా ప్రాణం పోయినంత పనైంది. డబ్బా లాక్కుని చక్కెర నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాను. కాసేపటికి నన్ను గుర్తుపట్టాడు.

భయం తీరగానే నాకు కోపం వచ్చింది. "మూడు బిస్కెట్లన్నా తినకూడదా సారూ? ఒక ఫోనన్నా చేయకూడదా?"

"చేసినా గదమ్మా, మూడుసార్లు. నువ్వు ఎత్తలే. వస్తాండావేమోలే అని ఉంటిని."

నా ఫోను పిండి డబ్బా పక్కన పెట్టి మిల్లుకు పోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇంటికి వచ్చి జరిగింది అత్తకు చెప్పాను. "కట్టిచ్చింది నేనే కదా" అంది. "నువ్వు కట్టినావు, నేను చూస్తా ఊరుకున్నా" అన్నాను.

మర్నాడు గుమ్మానికి అడ్డంగా బెంచీ వేశాను. మధ్యాహ్నం పన్నెండు లోపల చెప్పినవాళ్లకే రొట్టెలు అని పలక మీద రాసి తగిలించాను. ఎవరి రొట్టెలు వాళ్ల పేరుతో విడివిడిగా గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాం. అత్తకు ఇది అస్సలు మింగుడు పడలేదు. అయినా చుట్టింది.

ఆదివారం సాయంత్రం కృష్ణవేణమ్మ వచ్చి బెంచీని మోకాలితో నెట్టింది.

"ఏంది ఇది, నాక్కూడానా? పది ఇయ్యి, పోతా."

"లేవమ్మా. రేపటికి కావాలంటే పన్నెండు లోపల ఫోను చెయ్యండి."

"అదిగో, కనపడతాండాయి కదా!"

"అవి వేరేవాళ్లవమ్మా."

"ఈ అంగడి ఎవరి వల్ల నిలబడిందో మరిచిపోయినావా?"

"మీ వల్లనే నిలబడింది. లేదనలేదు నేను. మొన్న మీకిచ్చిన ఇరవైలో ఒక ముసలాయన రొట్టెలు ఉండె. సూది వేసుకుని కూర్చున్నాడు. నా తప్పే అది, మీది కాదు. మళ్లీ చెయ్యను."

ఆమె నన్నూ అత్తనూ మార్చి మార్చి చూసింది. అత్త పెనం మీది రొట్టె తిప్పుతూ తల ఎత్తలేదు. కారు తలుపు ధడేల్మని పడింది.

ఆ వారం పదహారు ఇళ్లలో పదకొండు ఆగిపోయాయి. పొయ్యి ముందు నుంచి తొందరగా లేవడం నాకు అలవాటు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతా అయిపోయిందనే అనుకున్నాను. తరువాతి వారం బుధవారం పదకొండింటికి కృష్ణవేణమ్మ ఫోను చేసింది. "ఈ పొద్దు పన్నెండు రొట్టెలు. రాసుకో" అని పెట్టేసింది. ఆ మాట వింటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రెండు రోజుల్లో మిగతా ఇళ్లూ వచ్చాయి.

తిమ్మయ్య సారుకు మాత్రం ఆ గురువారం తరువాత ఒక్క రోజూ తప్పలేదు. ఏడున్నరకు ఇస్తాను, "పెట్టి పోమ్మా" అంటాడు, వచ్చేస్తాను. కృష్ణవేణమ్మ ఫోను చేసిన బుధవారం మా అంగడి తాళంచెవి ఆయన గదిలో మరిచిపోయి, ఎనిమిది దాటాక మళ్లీ మెట్లెక్కాను. ఆయన అప్పుడే తినడానికి కూర్చున్నాడు. చల్లారి బిగుసుకున్న రొట్టెను ముక్కలు విరిచి పప్పులో నానబెడుతున్నాడు.

"ఇప్పుడు తింటాండావేంది సారూ? ఏడింటికి సూది వేసుకోలేదా?"

"ఏడింటికి వేసుకోవడం లేదమ్మా. నువ్వు వచ్చి పోయినాక వేసుకుంటాండా. ఆపైన అరగంట ఆగల్ల కదా."

"ఆ పొద్దు నుంచీనా?"

ఆయన తల ఊపాడు.

"ఇప్పుడు చెప్పకుండా వస్తే ఎవరికీ ఇయ్యడం లేదు సారూ. కృష్ణవేణమ్మకే లేదన్నా."

"తెలుసు. వీధంతా చెప్పుకుంటాండారు. మంచి పని చేసినావు."

కృష్ణవేణమ్మను పోగొట్టుకుంటానేమోనని పది రోజులు కుమిలిపోయాను. నిజంగా పోగొట్టుకున్నది ఇక్కడని తెలియనే లేదు. రేపటి నుంచి ఎనిమిదింటికి తెస్తాను, వేడిగా తినండి అన్నాను.

"వద్దు. ఏడున్నరకే తే" అన్నాడు రొట్టె ముక్కను వేలితో పప్పులోకి అదుముతూ. "సూది వేసుకునేటప్పుడు రొట్టె కంటి ముందర ఉండల్ల."