ఆలస్యమైన కణం

పెద్దక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆ ప్రయోగశాలలో అందరికీ తెలుసు. మాస్టారి దగ్గర పరిశోధన చేసేవాళ్లలో ఆవిడే సీనియర్, అందుకే ఆ పిలుపు.

గాజుపళ్లెంలో బతికున్న నాడీకణం ఒక లయలో టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. మధ్యలో కరెంటుతో చిన్నగా తడితే తర్వాతి టిక్కు ముందుకొస్తుందా, వెనక్కి పోతుందా అన్నది కొలిచి గీత గీయాలి. ఒకదాన్నొకటి తట్టే రెండు కణాలు కలిసి కొడతాయో, వంతులేసుకుంటాయో ఆ గీత ఆకారమే చెబుతుంది. పెద్దక్క గీతలో ఎప్పుడు తట్టినా టిక్కు తొందరపడటమే ఉంది. కాబట్టి వంతులే అని తేల్చేసింది.

నిరుడు చేరిన పిల్ల, పిట్టంత మనిషి కనుక అందరికీ పిచ్చుక, రెండు కణాలను నిజంగానే జత చేసి చూసింది.

"అక్కా, మళ్లీ మళ్లీ చూశాను. కలిసే కొడుతున్నాయి."

"నీ తీగల్లో కరెంటు కారుతోందమ్మా. చేతకాని పనిలో చెయ్యి పెట్టకూడదు," అంది పెద్దక్క, మాస్టారి ముందే. పిల్లను ఈ పని నుంచి తప్పిస్తున్నట్టు సమావేశంలో చెబుతానన్నారాయన.

ఆ సమావేశం రోజు పొద్దున, పిల్ల తప్పు రుజువు చేద్దామని పెద్దక్క తనే రెండు కణాలు జత చేసింది. కలిసి కొట్టాయి. తీగలు మార్చింది. మళ్లీ కలిసే కొట్టాయి, మొండిఘటాలు.

ఆవిడ తన పాత గీత తీసి చూసుకుంది. టిక్కుమన్న వెంటనే కణానికి చెవులుండవని నమ్మి, ఇన్నాళ్లూ రెండు టిక్కుల నడుమ రెండో సగంలోనే తట్టింది. మొదటి సగం గీతను ఊహించి సాగదీసింది. ఇప్పుడు మొదటి సగంలో తట్టి చూసింది. టిక్కు ఆలస్యమైంది. ఊయల మనవైపు వస్తుండగా తోస్తే జోరు తగ్గదూ? ముందున్నది తగ్గి, వెనకున్నది తొందరపడితే కలవక ఏం చేస్తాయి? సిగ్గుతో ఆవిడకు తల తీసేసినట్టయింది.

సమావేశంలో పిచ్చుక చివరి కుర్చీలో కూర్చుంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఆగండి మాస్టారూ. తీగలు బాగానే ఉన్నాయి. నా గీతే తప్పు. సగం కొలవకుండానే గీశాను. ఈ అమ్మాయి చెప్పిందే నిజం."

"అయితే ఈ పని నీదేనమ్మా," అన్నారు మాస్టారు పిచ్చుకతో.

పిచ్చుక మొహంలో సంతోషం వెతుక్కుంది పెద్దక్క. ఆ పిల్ల తన చేతుల వంకే చూసుకుంటోంది.

"నేను చూసిన కణాలన్నీ నిన్ననే పారేశానక్కా. కొలతలు కూడా చెరిపేశాను. మీరన్నారు కదా, నాకు చేతకాదని. నిజమే అనుకున్నాను."