టాప్ గేరులో అక్క గొంతు

తెల్లారగానే గుడ్లాయన పికప్ బండి వెనక గుడ్ల అట్టలు సర్దుకుంటాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కడతాడు. తాడు బిగిస్తే గుడ్లు పగులుతాయి, వదిలేస్తే అట్టలు పడతాయి. పిల్లల్ని పెంచడం లాంటి పని అది. పిల్లలు లేని గుడ్లాయనకి బాగానే వచ్చింది.

సందు మలుపు తిరిగీ తిరగగానే టాప్ గేరు వేసేస్తాడు, వేగం మాత్రం పెంచడు. బండి నత్తనడకన పోతుంది. వెనకాల వచ్చేవాళ్ళు హారన్ కొట్టి కొట్టి, "గుడ్లు కదా, పోనీలే" అని పక్కనుంచి వెళ్ళిపోతారు.

అతను మెల్లగా పోయేది గుడ్ల కోసమైతే కాదు. భార్య కోసం. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ పక్క సీట్లో కూర్చుని అతనితో తిరిగింది, తిరిగినంతసేపూ మాట్లాడింది. ఆవిడ పోయాక ఆ మాటలు ఇంజన్లో ఉండిపోయాయి. వెనక బరువుండి, టాప్ గేరులో ఇంజన్ మెల్లగా తిరుగుతుంటే వినిపిస్తాయి. "పొయ్యి కట్టేశానంటారా?" "ఆ చొక్కా మీకేం బాగాలేదు." ఇంజన్ వేగం పెరిగిందంటే మాటలన్నీ కలిసిపోయి మామూలు మోతైపోతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. దారిలో ఎవరైనా బండెక్కితే, "అక్క ఇవాళ కోపంగా ఉన్నట్టుందే" అని నవ్వి, తమ చోటు రాగానే దిగిపోయేవాళ్ళు.

ఇంట్లో మాట్లాడే శాఖ ఎప్పుడూ ఆవిడదే. గుడ్లాయనది వినే శాఖ. ఇప్పుడు ఇంటికొస్తే వినడానికి ఏమీ లేదు. ఒక కంచం, ఒక గ్లాసు కడుక్కుని, త్వరగా తెల్లారాలని చీకటి పడగానే పడుకునేవాడు. ఒంటరితనం ఎంత పెద్దదో ఆ ఇంటికొస్తే తెలుస్తుంది, ఇల్లు చూస్తే రెండే గదులు.

అలా ఉండగా ఇంజన్లోంచి టకటకమని చప్పుడు మొదలైంది. బండిని మరదలి షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఆవిడ భార్యకి సొంత చెల్లెలు, మెకానిక్. అందరూ స్పానరమ్మ అంటారు. ఇంజన్ నూనె కిందికి వదిలి, కాస్త వేళ్ళ మధ్య రుద్ది, వెలుతురులో పెట్టి చూపించింది. నూనెలో సన్నటి మెరుపు.

"ఇది బేరింగులు అరిగిన పొడి బావా. నువ్వు బండిని నడపట్లేదు, ఈడుస్తున్నావు."

"నేనా? ఎప్పుడైనా పరిగెత్తించానా దీన్ని? ఇంజన్ ఎంత తక్కువ తిరిగితే అంత ఎక్కువ కాలం మన్నుతుంది."

"అందరూ అలాగే అనుకుంటారు. ఇంత బరువేసుకుని, ఎత్తు మీద, టాప్ గేరులో తొక్కితే ఒక్కో దెబ్బా వెళ్ళి బేరింగుల మీదే పడుతుంది. మధ్యలో నూనె కూడా నిలవదు. అలాగని ఇంజన్ అరిచేలా పరిగెత్తించమనట్లేదు. ఎత్తొస్తే మూడో గేరు వెయ్యి. దాన్ని తిరగనీ."

"మూడులో మీ అక్క వినిపించదు."

స్పానరమ్మ చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. శుభ్రమైపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"తెలుసు. బ్రేకులు చూస్తానని నేను ఊరికూరికే నీ బండెక్కేది ఎందుకనుకున్నావు? కొత్త బేరింగులు వేస్తాను. మళ్ళీ ఇలాగే చేస్తే లోపల షాఫ్ట్ పోతుంది. అప్పుడు ఇంజనే మార్చాలి. కొత్త ఇంజన్లో అక్క ఉండదు బావా."

గుడ్లాయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వింటూ పోతే భార్య కొన్నాళ్ళలో ఉండదు. ఉంచుకోవాలంటే వినకూడదు. షెడ్డు బయట తిరగేసిన డబ్బా మీద కూర్చుని, లోపల బేరింగులు మార్చినంతసేపూ అదే ఆలోచించాడు.

బండి తయారయ్యాక గుడ్లు ఎక్కించి, ఊరి చివరి ఎత్తు మీద పరీక్షించడానికి బయల్దేరారు. స్పానరమ్మ పక్క సీట్లో కూర్చుంది. ఎత్తు మొదట్లో గుడ్లాయన చెయ్యి టాప్ గేరు మీదికి పోయింది.

"ఒక్కసారి," అన్నాడు.

ఆవిడ వద్దనలేదు.

కొత్త బేరింగుల వల్ల చప్పుడేమీ లేదు. గొంతు ఎన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది.

"ఇంకా... ఎంతసేపండీ?"

ఇద్దరికీ తెలిసిన మాటే. చివరి నెలల్లో ఆవిడ మంచంలో పడుకుని ఎవరొచ్చినా అదే అడిగేది. గుడ్లాయన ఏదో ప్రయాణంలో ఉన్నట్టు, "అయిపోయింది, వచ్చేశాం" అని సర్దిచెప్పేవాడు. ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య ఆయాసం కూడా వినిపించింది. ఇన్నాళ్ళూ ఇంజన్ మోత వెనక అది ఉండే ఉంటుంది. అతను మాటలే ఏరుకున్నాడు. తను హాయిగా వింటున్నంతసేపూ ఆవిడ ఇంత బరువు లాగుతూ ఎత్తెక్కుతోందని తెలిసి అతనికి సిగ్గేసింది.

"ఎంతసేపు ఇంకా?" మళ్ళీ అడిగింది ఇంజన్లోని గొంతు.

"అయిపోయిందే," అన్నాడు గుడ్లాయన. "వచ్చేశాం."

క్లచ్ తొక్కి మూడో గేరు వేశాడు.

ఇంజన్ వేగం అందుకుంది. ఆయాసం ఆగింది, దాంతోపాటు గొంతూ ఆగింది. స్పానరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. బండి సగం ఎత్తు దాటింది.

"చూశావా బావా," అంది చివరికి, అటే చూస్తూ. "ఎంత హాయిగా ఎక్కుతోందో."

బండిని అందో, అక్కని అందో అతను అడగలేదు. "ఊఁ" అన్నాడు.

ఆ ఇంజన్ని మళ్ళీ విప్పాల్సిన అవసరం రాలేదు. గుడ్లాయన పోయాక కూడా చాలా ఏళ్ళు తిరిగింది, మాటా పలుకూ లేకుండా.