ఎడమ పెట్టెలో సన్నటి రొద

అత్తగారికి వీపు రుద్దుతూ, చేతుల నిండా సబ్బుతో ఉండగా ఆమెకు పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. "ఏవండీ, పాలు దించండి!" అని కేకేసింది. వంటగది పక్కనే, ముందుగదిలో కూర్చున్న భర్త పలకలేదు. మళ్ళీ అరిచింది. ఇంకోసారి అరిచేసరికి పాలు పొంగి పొయ్యిని ఆర్పేశాయి.

"వాడికి వాళ్ళ నాన్నలాగే చెవులు మందం తల్లీ. కాస్త గట్టిగా చెప్పాలి" అంది అత్తగారు, సబ్బు పడకుండా కళ్ళు మూసుకునే.

"గట్టిగానే చెప్పానత్తయ్యా."

"అవున్లే, అదేం గొంతో నీది, వీధి చివరిదాకా వినపడుతుంది."

పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. మెల్లగా చెబితే వినపడలేదంటారు, గట్టిగా చెబితే గయ్యాళి అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె పనిచేసేది చెవి డాక్టరు దగ్గర. వచ్చినవాళ్ళను బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దాలు పంపి, ఎవరికి ఎంత వినపడుతోందో తేల్చడం ఆమె పని. అందుకే భర్త మీద కోపం వచ్చినప్పుడల్లా తనను తానే తిట్టుకునేది. లోపం ఉన్న మనిషిని విసుక్కుంటే ఎలా? చెవులు పరీక్షించే మిషన్ మీద చూపించుకోమంటే, "నాకేం ఖర్మ, అరవడానికి ఇంట్లో నువ్వున్నావుగా" అని ఆయన నవ్వేసేవాడు. అలా సగం పనులు చెప్పడం మానేసి తనే చేసుకోవడం అలవాటైంది. సాయంత్రం పూట పిల్లల విభాగం పూర్తిగా నువ్వే చూసుకో అని డాక్టరుగారు అడిగినప్పుడు ఆ సంగతి అన్నం దగ్గర రెండుసార్లు చెప్పింది. ఆయన తలెత్తలేదు. వినపడలేదు కాబోలు అనుకుని, ఆ ఆశ అక్కడే వదిలేసుకుంది.

అనుమానం మాత్రం పాటలు వినే ఒక పాత ఆంప్లిఫయర్‌తో పాటే ఇంట్లోకి వచ్చింది.

పాత సామాన్ల కొట్టులో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నదాన్ని, రెండు చెక్క స్పీకర్లతో సహా కారుచౌకగా పట్టుకొచ్చాడాయన. కొత్త సెట్టు కొనే తాహతు మనకెక్కడిది, దీన్నే కొత్తదాని తలదన్నేలా చేస్తా చూడు అన్నాడు. ఉబ్బిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవి టంకం పెట్టాడు. వాల్యూమ్ మీట తిప్పినప్పుడల్లా గరగరమంటుంటే లోపల మందు కొట్టి శుభ్రం చేశాడు. స్పీకర్ల చుట్టూ పొడిపొడిగా రాలిపోయిన స్పాంజి అంచులు ఒలిచి, కొత్తవి వేలి కొసతో నిమురుతూ అంటించాడు. ఆ ఓపిక చూసి ఆమెకు ముచ్చటేసింది, ఆ వెంటనే ఎక్కడో చివుక్కుమంది. పాట పెట్టాక ఆయన తల పక్కకు వంచి, "ఎడమ పెట్టెలో సన్నగా రొద వస్తోంది, విన్నావా?" అన్నాడు. ఆమె దగ్గరికెళ్ళి చెవి ఆనించి వింటే, చాలాసేపటికి గాని దొరకలేదు. దోమ రెక్క చప్పుడంత రొద.

అప్పటినుంచి ఆమె మనసు కుదురుగా లేదు. ఒక సాయంత్రం వంటగది తలుపు దగ్గరగా వేసి, గిన్నె కడుగుతూ, తనలో తాను గొణుక్కున్నట్టు "టీ పెట్టాను" అంది. "వస్తున్నా" అన్నాడాయన. మర్నాడు అదే తలుపు, అదే గొంతు. "బట్టలు ఆరేయాలి." జవాబు లేదు. "చెత్తబుట్ట నిండిపోయింది." ఉహూఁ. "మీ చెల్లెలు ఫోన్ చేసింది." "ఏమందీ?" అని గదిలోంచి కేక! ఛీ, కట్టుకున్నవాడికి ఇలా వలలు పన్నడమేమిటి, తనది పాడుబుద్ధి కాదు కదా అని సిగ్గుపడింది. కానీ ఇన్నేళ్ళ పనిలో రకరకాల చెవుడు చూసింది. పని మాటలు మాత్రమే జారిపోయే చెవుడు ఏ రోగిలోనూ చూడలేదు.

ఆయన స్నేహితుడు, రేడియో మెకానిక్, ఆదివారం వచ్చి స్పీకర్లు విని, "రొదా లేదు, గిదా లేదు. నీ భ్రమరా" అన్నాడు. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపు నీతో వస్తా. మీ మిషన్ మీద నా చెవులు చూడు. వీడి నోరు మూయించాలి" అన్నాడు భార్యతో.

మర్నాడు ఆసుపత్రి గదిలో, అద్దం అవతల ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. వినపడితే బటన్ నొక్కాలి, ఇవతల దీపం వెలుగుతుంది. ఆమె శబ్దం తగ్గించింది. వెలిగింది. ఇంకా తగ్గించింది. వెలిగింది. మిషన్ పాడైందేమోనని మధ్యలో ఆపి, హెడ్‌ఫోన్లు తన చెవులకు పెట్టుకుని చూసింది. అంత కిందికి దించితే ఆమెకే ఏమీ వినపడలేదు. ఆయనకు పెట్టగానే మళ్ళీ దీపం. గొంతు బొంగురుపోయి ఉప్పునీళ్ళు పుక్కిలించిన ఉదయాలు, వినపడలేదేమోలే అని మింగేసిన మాటలు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు బయటికొచ్చి, చంటిపిల్లాడి సంబరంతో.

"చాలా బాగున్నాయి" అంది ఆమె.

ఆయన ఇంటికొస్తూనే, "అమ్మా! నా చెవులకు వంకే లేదట!" అని చాటి, పాట పెట్టుకోవడానికి ముందుగదిలోకి పోయాడు. తువ్వాళ్ళు మడతపెడుతున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"అయితే మీ మామగారికి కూడా... వినపడేదంటావా అమ్మాయ్?"

ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"జన్మంతా అరిచానే" అంది ముసలావిడ, గోడకేసి చూస్తూ.

ముందుగదిలో పాట మొదలైంది. ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు. కూర్చున్నచోటి నుంచే, మామూలుగా, "వచ్చేవారం నుంచి సాయంత్రాలు నేను ఆసుపత్రిలోనే ఉంటాను. రాత్రి వంటా, అత్తయ్య మందులూ మీరు చూసుకోవాలి" అంది.

పాట మరికాస్త పెద్దదైంది.

"ఒరేయ్..." అంటూ అత్తగారు గొంతు సవరించుకోబోయింది. ఆమె ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది.

"అరవకండి అత్తయ్యా. వినపడింది."