ఐదో హామీ

ఎన్నికల్లో నేను ఐదు హామీలిచ్చాను. ఇచ్చేటప్పుడు నోరు నాదే, ఊపు జనానిది, ఎన్నిచ్చానో ఎవరు చూసుకున్నారు? అప్పటికే కాలేజీలో నన్ను 'మైకు' అనేవాళ్లు. మైకు పట్టుకుని మాట్లాడతానని కాదు, నాకది అక్కర్లేదని. "ఏడాదిలో ఐదు కొత్త కార్యక్రమాలు!" అని అరిచాను, గెలిచాను, విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలినయ్యాను.

మా కాలేజీయే అలాంటిది. చరిత్ర చదివేవాళ్లు బొమ్మలు వెయ్యాలి, లెక్కలు చదివేవాళ్లు నాటకం ఆడాలి, అందరూ ఏదో ఒకటి కొత్తగా మొదలుపెట్టాలి. ఫారం నింపితే చాలు, సంఘం పుట్టేది. ఎనిమిది వందల మందికి డెబ్బయ్యొక్క సంఘాలు. ఆవులింతలకు తప్ప అన్నిటికీ ఒకటుండేది.

ఆ ఏడే మా పిన్ని కూతురు మొదటి సంవత్సరంలో చేరింది. దాని గొంతు పక్కగదిలోకి కూడా వినపడదు. అందుకే ఇంట్లో దాన్ని 'గుసగుస' అనేవాళ్లం. ఇంటికి దగ్గర్లోనే చదువుకుంటానన్న పిల్లని నేనే పట్టుబట్టి మా కాలేజీకి లాక్కొచ్చాను. బస్సెక్కేటప్పుడు పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నువ్వున్నావనే ధైర్యంతో పంపుతున్నానే. అది అక్కడ నిలబడితే చాలు" అంది. "నాకొదిలెయ్ పిన్నీ" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

మొదటి వారం దాన్ని వెంటబెట్టుకుని క్యాంటీనుకు తీసుకెళ్లాను. రెండో వారం నుంచి నాకు మధ్యాహ్నాలన్నీ సమావేశాలే. "నువ్వెళ్లి కూర్చో, నేనొచ్చేస్తా" అని మెసేజ్ పెట్టేదాన్ని. పెట్టి మర్చిపోయేదాన్ని.

ఐదు నెలలు గడిచాక ఒకరోజు ఏదో పనిమీద క్యాంటీనులోకి వెళ్లాను. చేతులు కడుక్కునే చోటు పక్కన ఒక పొడుగాటి బల్ల ఉండేది. నీళ్లు చిందుతాయని దాని దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ రోజు చూస్తే ఆ బల్ల నిండా జనం, మధ్యలో మా గుసగుస! ఆనాటి పేపర్లోని గళ్ల నుడికట్టును బల్లకు టేపుతో అంటించింది, పక్కనే రెండు పెన్సిళ్లు. ఎవరో పొడుగాటి కుర్రాడు పళ్లెం పట్టుకుని వచ్చి, నిలబడే వంగి చూసి, "నిలువు ఏడు 'కాపలా' ఏమో?" అన్నాడు. "ఒక అక్షరం తక్కువైంది" అన్నారెవరో. తక్కువైన అక్షరం గురించి ఆలోచిస్తూ అతను కూర్చున్నాడు, తినేశాడు, వెళ్లిపోయాడు. అతని పేరేమిటని ఎవరూ అడగలేదు.

"ఇదెప్పటినుంచే?" అన్నాను.

"చాన్నాళ్లయిందక్కా. ఒక్కళ్లే తినేవాళ్లు ఇక్కడ కూర్చుంటారు, అంతే. ఒక్కళ్లమే ఉన్నామని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు కదా. చూసేవాళ్లు గళ్ల కోసం వచ్చారనుకుంటారు."

ఇంత మాట అది చెబితే నాకు అందులో వినపడింది ఒక్కటే, ఐదో కార్యక్రమం. నాలుగు ఎలాగో అయ్యాయి. ఐదోది దొరక్క నెల రోజులుగా జుట్టు పీక్కుంటున్నాను. కాలేజీ పెద్దల ముందు నివేదిక చదవాల్సిన సభ దగ్గరపడుతోంది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను.

"దీన్ని మా సంఘం తరఫున చేద్దామే. 'తోడు' అని పేరు పెడదాం. ఎలా ఉంది?"

"పేరెందుకక్కా?"

"పేరు లేకపోతే పదిమందికీ ఎలా తెలుస్తుంది?"

"తెలీదు కాబట్టే వస్తున్నారక్కా. నువ్వేం చేసినా చెయ్యి గానీ, బోర్డు మాత్రం పెట్టకు."

"బోర్డేమన్నా కరుస్తుందా?" అని నవ్వాను.

అది పెన్సిలు తీసుకుని మళ్లీ గళ్ల మీదికి వంగింది. ఒప్పుకుందనే రాసుకున్నాను.

ఇక చూడండి నా ప్రతాపం. బొమ్మల విభాగం వాళ్లు పచ్చటి పసుపు రంగులో బోర్డు చేసిచ్చారు: "తోడు. ఒంటరిగా ఉన్నారా? ఇక్కడ కూర్చోండి." పన్నెండు మంది వలంటీర్లు, వాళ్ల ఛాతీ మీద బిళ్లలు, గోడకు వంతుల పట్టిక, ఎలా ఉందో రాయమని ఫారాలు. బల్ల మరీ పాతగా ఉందని తెల్లగుడ్డ కూడా పరిపించాను. నుడికట్టు గుడ్డ కిందికి పోయింది. డీన్ గారు వచ్చి రిబ్బను కత్తిరించారు, అందరం ఫోటో దిగాం. ఆ ఫోటోలో గుసగుస లేదు. అదెక్కడుందని నేను అడగనూ లేదు.

మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గరికి ఒక్క పురుగు వస్తే ఒట్టు. ఎలా వస్తారు? క్యాంటీనంతా చూస్తుండగా, నాకెవరూ లేరహో అని చాటుకుంటూ ఆ బోర్డు కింద ఎవరు కూర్చుంటారు? ఇది చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు. వలంటీర్లే ఒకరికొకరు తోడు కూర్చుని, కబుర్లు చెప్పుకుని, ఫారాల్లో "చాలా బాగుంది" అని తామే రాసుకున్నారు. ఆ ఫారాలనే నేను సభలో చదివాను. బ్రహ్మాండంగా చప్పట్లు కొట్టారు.

సభ అయిన మర్నాడు వంటమాస్టరు నన్ను ఆపాడు. ముప్పై ఏళ్లుగా ఆ క్యాంటీనులో గరిటె తిప్పుతున్న మనిషి. ఎవరు తిన్నదీ, ఎవరు వదిలేసిందీ ఆయనకు తెలుసు.

"ప్రెసిడెంటమ్మా, మీ చెల్లెలు భోజనానికి రావట్లేదు. తెలుసా?"

"ఎప్పటినుంచి?"

"రెండు వారాలైంది. బోర్డు పెట్టాక కూడా మూడు రోజులు వచ్చి అక్కడే కూర్చుంది పాపం, ఒక్కతే. మూడో రోజు బిళ్ల పెట్టుకున్న అమ్మాయి ఒకామె దగ్గరికెళ్లి, 'మీకు తోడు కావాలాండీ?' అని అడిగింది. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. పళ్లెం అలాగే వదిలేసి పోయింది." చేతిలో గరిటె పక్కన పెట్టి అన్నాడు: "కోపం తెచ్చుకోకండి గానీ, పేరు గొప్ప ఊరు దిబ్బ అయిందమ్మా మీ పని."

కోపం రాలేదు. ఒళ్లంతా సిగ్గేసింది. స్టూలు వేసుకుని నేనే బోర్డు ఊడదీశాను, గుడ్డ లాగేశాను, పేపరు తెచ్చి కొత్త నుడికట్టు అంటించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. గంటసేపు అక్కడ కూర్చున్నాను. వచ్చినవాళ్లు నన్ను చూసి పక్కకు తిరిగి వెళ్లిపోయారు. ఆ గంటలో నాకు అన్నం సహించలేదు.

హాస్టల్ గదికి వెళ్లేసరికి గుసగుస పెట్టె సర్దుకుంటోంది. కాలేజీ వదిలి వెళ్లేవాళ్లు నింపే ఫారం మంచం మీద ఉంది. లైబ్రరీ వాళ్ల సంతకం అయింది, హాస్టల్ వాళ్లదీ అయింది. మూడోది విద్యార్థి సంఘం అధ్యక్షురాలిది.

"నేనే వద్దామనుకుంటున్నానక్కా. ఇక్కడ పెట్టు."

కారణం అన్నచోట 'ఇంటి మీద బెంగ' అని రాసి ఉంది.

"నా వల్లేనని రాయవే" అన్నాను.

"అంత చోటు లేదక్కా అందులో" అని చిన్నగా నవ్వింది. తర్వాత చీర మడతపెడుతూ చెప్పింది. "మొదట్లో నువ్వొస్తానంటే నీకోసం పక్క కుర్చీ పట్టేదాన్ని. 'ఎవరైనా వస్తున్నారా?' అని అడిగేవాళ్లు. మా అక్కొస్తుందని పంపించేసేదాన్ని. నెలయ్యాక ఇక 'ఎవరూ రారు, కూర్చోండి' అన్నాను. అలా మొదలైంది ఆ బల్ల."

తిట్టినా బాగుండేది. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

"వెళ్లకే. రేపటినుంచి రోజూ నేనొస్తా. ఒట్టు."

"సరేలే అక్కా" అంది. నా మెసేజ్‌లన్నిటికీ అది ఇన్నాళ్లూ ఇచ్చిన జవాబు కూడా అదే. నా చేతిలో పెన్ను పెట్టింది. సంతకం పెట్టాను.

అది వెళ్లిన పదిరోజులకు పిన్ని ఫోన్ చేసింది. నాలుగు చీవాట్లు పెడుతుందనుకుని, పడటానికి సిద్ధపడే ఎత్తాను.

"ఏమనుకోకే తల్లీ" అంది పిన్ని. "కష్టపడి సీటిప్పించావు, ఇది చూస్తే బెంగ పెట్టుకుని వచ్చేసింది. నువ్వేం తక్కువ చేశావని? రోజూ ఫోన్లో చెప్పేదిలే, 'ఇవాళ అక్కతో తిన్నా, ఇవాళ అక్క బలవంతంగా మారు వడ్డించింది' అని. అన్ని పనులుండీ రోజూ దాని పక్కన కూర్చున్నావు. సొంత అక్కయినా అంత చెయ్యదే."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే ఇన్నాళ్లూ అది నా పరువు కోసం ఆడిన అబద్ధం కూడా తల్లి ముందు బయటపడుతుంది.

"ఉన్నావా?" అంది పిన్ని.

"ఉన్నా పిన్నీ. అది... సరిగ్గా తింటోందా?"

"ఎక్కడ తింటుంది?" అంది పిన్ని. "నీ పక్కన కూర్చుని తినడం అలవాటైపోయింది కదమ్మా."